పదిహేను రోజులు నిద్రపోని పోస్టు

నా స్థలం పోవడానికి కారణం కంపాసు. ఇంకెవరూ కాదు. ఈ మాట బావమరిదితో అన్నాను, బ్యాంకు మేనేజరుతో అన్నాను, ఒకసారి క్షవరం చేయించుకుంటూ పక్క కుర్చీలో ఉన్న ముక్కూ మొహం తెలియని మనిషితో కూడా అన్నాను. అందరూ విని తల ఊపారు. తల ఊపడానికి ఖర్చేముంది. ఇప్పుడు రాసి పెడుతున్నాను.

కంపాసు అనేది మా కెప్టెన్‌కు సిపాయిలం పెట్టుకున్న పేరు. క్యాంటీన్‌కు నడవాలన్నా జేబులోంచి దిక్సూచి తీసి చూసుకునే మనిషి. ఆయన కింద తొమ్మిదేళ్లు లైన్‌మన్‌గా చేశాను. కొండ మీద ఒక పోస్టు నుంచి ఇంకో పోస్టుకు టెలిఫోను తీగ లాగడం, మంచుకు తెగితే వెతికి ముడెయ్యడం నా పని. ఎనిమిదో తరగతిలో బడి మానేసి సైన్యంలో చేరినవాడికి అంతకంటే ఏం ఇస్తారు. కానీ ఆ పని నాకు బాగా వచ్చు. పదిహేడేళ్లు చేసి బయటికొచ్చాను. వచ్చిన డబ్బంతా పెట్టి ఊరి చివర చిన్న స్థలం కొన్నాను, అందులో రేకుల షెడ్డు వేసుకుని మోటార్లకు వైండింగు చేసుకునేవాణ్ణి. మా పిల్లాడి ఫీజులు, ఇంటి అద్దె అన్నీ ఆ షెడ్డులోంచే. ఎప్పటికైనా పైన రెండు గదులు వేసుకుని అద్దె ఇంటి నుంచి వచ్చేద్దామని నా భార్య ఆశ. మెట్లు ఎటువైపు రావాలో కూడా సుద్దతో గీసి పెట్టింది.

ఒక రోజు పొద్దున్నే కంపాసు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమోయ్ లైన్‌మన్, ఇదేనా నీ సామ్రాజ్యం?"

"రండి సార్, కూర్చోండి. ఆ స్టూలు కాదు సార్, దాని నాలుగో కాలు మొహమాటానికి ఉంది."

ఆయన నవ్వి నిలబడే ఉన్నాడు. జుట్టు నెరిసింది. బూట్లు మాత్రం అద్దంలా ఉన్నాయి.

"నేనూ బయటికొచ్చేశాను. కంపెనీ పెడుతున్నాను."

"సెక్యూరిటీ గార్డులదా సార్?"

"పెళ్లాం దగ్గర్నుంచి పాలవాడి దాకా అందరూ అదే అడుగుతున్నారు. కాదయ్యా. స్టార్టప్. సైన్యానికి కావలసిన వస్తువు మనమే చేద్దాం. ఏది కావాలో మనకంటే ఎవడికి తెలుసు? కుర్రాళ్లు సూట్లేసుకుని బొమ్మలు చూపించి ఆర్డర్లు పట్టుకుపోతున్నారు. వాళ్లలో ఒక్కడైనా మంచులో పడుకున్నాడా?"

సంచిలోంచి ఒక చేతిపట్టీ తీసి నా బల్ల మీద పెట్టాడు. వాచీ అంత ఉంది, ముఖం లేదు.

"దీన్ని కట్టుకున్న మనిషి కదలడం ఆగి, ఒళ్లు చల్లబడటం మొదలైతే కింద స్టేషన్లో గంట మోగుతుంది. మోగి తీరుతుంది." పట్టీని నా వైపు జరిపాడు. "పొట్టోడి కోసమయ్యా ఇది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

పొట్టోడు నాకు లైను మీద జత. ఆరేళ్లు ఒకే గుడారంలో ఉన్నాం. మంచు పోస్టులో ఒంటరిగా ఉండేవాడు గంటకోసారి ఫోను పిడి తిప్పాలి. కింద ఎక్స్ఛేంజిలో గంట మోగితే పైన మనిషి క్షేమమని అర్థం. ఎక్స్ఛేంజిలో కూర్చున్నవాడు రిజిస్టరులో ఆ గంటకెదురుగా 'సరే' అని రాయాలి. ఒక శీతాకాలం పొట్టోడు స్తంభానికి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే గడ్డకట్టిపోయాడు. ఒళ్లో ఫోను. ఎన్నింటికి పోయాడో డాక్టరు చెప్పలేకపోయాడు. రిజిస్టరు ప్రకారమైతే తెల్లవారి ఆరింటిదాకా క్షేమంగా ఉన్నాడు. ఎక్స్ఛేంజిలో ఉన్నది నేను. మూడింటి నుంచి గంట మోగలేదు. మంచు పడితే తీగ మూగబోవడం మామూలే. అలాంటప్పుడు అందరం రాసేసేవాళ్లం, నేనూ రాశాను. మూడు, నాలుగు, ఐదు, ఆరు. నాలుగు 'సరే'లు. ఈ సంగతి నా భార్యకు తెలియదు. కంపాసుకూ తెలియదు. ఆ పేజీ కింద సంతకం మాత్రం ఆయనదే.

అందుకని, షెడ్డు వాడుకోనిస్తావా అని ఆయన అడిగితే వాడుకోమన్నాను. మూడు నెలల తర్వాత, స్థలం మీద అప్పు తీసుకుంటే భాగస్వామిని చేస్తానంటే దానికీ సరేనన్నాను.

నా భార్య ఆ రోజు బట్టలు మడత పెడుతోంది.

"ఏమండీ, మనం స్థలం పెడుతున్నాం. ఆయనేం పెడుతున్నారు?"

"ఆయన పేరు పెడుతున్నాడు. పెద్ద ఆఫీసర్లందరూ తెలుసు."

"పేరు తాకట్టు పెడితే బ్యాంకోళ్లు ఎంతిస్తారట?"

ఆవిడ మడత పెట్టిన చొక్కానే మళ్లీ విప్పి మడత పెట్టింది. తర్వాత కాగితాలు తనే పెట్టెలోంచి తీసి ఇచ్చింది. ఇవ్వనని పోట్లాడి ఉంటే బాగుండేది.

మూడో మనిషి బ్యాటరీ. పాత రేడియో మెకానిక్. నాకంటే పదేళ్లు పెద్ద, ఫిరంగుల పక్కన ఉండి ఉండి ఒక చెవి పోయింది. తొమ్మిది వోల్టుల బ్యాటరీని నాలుక మీద ఆనించి ఇంకెన్ని రోజులొస్తుందో చెప్పగలడు. సోల్డరింగు ఆయన చేసేవాడు, పట్టీ బిగింపులూ తీగలూ నావి. ప్రోగ్రాము రాయడం కూడా ఆ వయసులో ఆయనే నేర్చుకున్నాడు. కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకునేవాడు.

చలిలో పరీక్షించాలంటే మాకు మంచు ఎక్కడిది? చేపల కోల్డ్ స్టోరేజీ వాళ్లను బతిమాలుకున్నాం. రెండు చేతులకూ ఆరు పట్టీలు కట్టుకుని, డబ్బాల మధ్య, కదలకుండా గంటలకొద్దీ కూర్చున్నది నేను. తలుపు దగ్గర కాపలావాడు ప్రతిసారీ కిటికీలోంచి తొంగిచూసి, "ఏంటన్నా, నిన్ను కిలో ఎంతకి అమ్ముతారు?" అనేవాడు. లోపల మిషను రొద తప్ప ఇంకేమీ వినిపించదు. ఊపిరి తెల్లగా పైకి పోతుంటే చూస్తూ కూర్చునేవాణ్ణి. పొట్టోడికి చివరికి నిద్ర వచ్చి ఉంటుందా, నొప్పి వచ్చి ఉంటుందా అని ఆలోచన. నలభయ్యో నిమిషం దగ్గర బయట బ్యాటరీ దగ్గరున్న పెట్టె గణగణమని మోగేది. ఆయనకు సరిగ్గా వినపడదు కాబట్టి దానికి ఒక ఎర్రదీపం కూడా పెట్టుకున్నాడు. తలుపు తీసి, "తమ్ముడూ, చచ్చావు, బయటికి రా," అనేవాడు.

ఆ రోజుల్లో నేను సంతోషంగా ఉన్నాను. ఒప్పుకోవాలి.

పట్టీ అడుగున చర్మానికి తగిలేలా ఒక చిన్న రాగిబిళ్ల ఉండేది. ఒంటి వేడి తెలిసేది దాంతోనే. మొత్తం వస్తువుకు ప్రాణం ఆ బిళ్ల.

కంపాసు కొనుగోలు బోర్డు దగ్గరికి వెళ్లి చూపించాడు. ఒకసారి చార్జి చేస్తే పదిహేను రోజులు రావాలన్నారు వాళ్లు. అది న్యాయమే. కానీ అందులో ఒకాయన, "డ్యూటీలో ఎవరెవరు ఎంతసేపు తూగారో కూడా ఇది చెప్పగలదా?" అని అడిగాడట. కంపాసు వెంటనే "చెప్తుంది సార్" అన్నాడు. పై అధికారి అడిగినప్పుడు లేదని చెప్పే నోరు సర్వీసులో ఎవరికీ ఉండదు, ఆయనకూ లేదు. వచ్చి మాకు చెప్పాడు.

బ్యాటరీ లెక్క వేశాడు. "బిళ్లా, నిద్ర చిట్టా రెండూ ఉంటే తొమ్మిది రోజులు. బిళ్ల తీసేస్తే పదహారు. చిట్టా తీసేసినా పదహారే."

"బిళ్ల తీసేయ్," అన్నాడు కంపాసు. "కదలిక ఒకటి తెలిస్తే చాలదూ? కదలనివాడే కదా చల్లబడేది."

"సార్, బిళ్ల లేకపోతే అది చేతికి ఉందో మేకుకు ఉందో దానికి తెలీదు," అన్నాడు బ్యాటరీ.

"మేకుకు ఎవడు కడతాడయ్యా?"

బ్యాటరీ నా వంక చూశాడు. నేను బ్యాటరీ వంక చూశాను. ఎవడు కడతాడో మా ఇద్దరికీ తెలుసు. మేమైతే మొదటి రోజే కట్టి ఉండేవాళ్లం.

"సార్, ఆ చిట్టా వద్దు సార్," అన్నాను. "మనిషి బతికున్నాడా అని అడిగే వస్తువు ఇది. పడుకున్నాడా అని అడిగితే ఇంక దాన్ని ఎవడూ ఒంటి మీద ఉంచుకోడు."

"ఇంకా సిపాయిలాగే ఆలోచిస్తున్నావు. నువ్విప్పుడు భాగస్వామివి." నా భుజం మీద చెయ్యి వేశాడు. "చిట్టా లేకపోతే వాళ్లు కొనరు. కొనకపోతే నీ స్థలం గతేంటి? ఆలోచించు."

ఆలోచించాను. "సరే సార్" అన్నాను. ఆ మధ్యాహ్నం బ్యాటరీ కూర్చుని ఇరవై పట్టీల్లోంచి ఇరవై రాగిబిళ్లలు ఊడదీశాడు. వినపడే చెవిని గోడవైపు పెట్టుకుని కూర్చున్నాడు.

బోర్డు ట్రయల్‌కు ఒప్పుకుంది. కొండ మీద ఒక పోస్టు, ఐదుగురు మనుషులు, పదిహేను రోజులు. పైనున్న పెట్టె పట్టీల సంకేతాలు పట్టుకుని తీగ మీద కిందికి పంపుతుంది. కింద స్టేషన్లో మాకో గది ఇచ్చారు. తెర మీద ఐదు గీతలు. మొదటి రోజు గీతలు మనుషుల్లాగే ఉన్నాయి, కాసేపు ఎగిరి కాసేపు పడుకుంటూ. రెండో రోజు మధ్యాహ్నం నుంచి ఐదూ ఆగకుండా ఎగరడం మొదలుపెట్టాయి. కంపాసు మురిసిపోయాడు.

"చూశావా లైన్‌మన్, చూసేవాళ్లున్నారని తెలిసేసరికి ఎంత చురుకొచ్చిందో!"

బ్యాటరీ తెర చూసి, రెండు కళ్లజోళ్లూ తీసి తుడుచుకుని, బయటికి వెళ్లి నిలబడ్డాడు.

పదకొండో రోజు పైన పెట్టెకు తీగ వదులైంది. బిగించడానికి సామాన్లు మోసేవాళ్లతో కలిసి నేను ఎక్కాను. యాభై దాటిన మోకాళ్లు. పోస్టు చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. ఇసుక బస్తాల గోడ, ఒక రేకు గుడిసె, దాని వెనక టార్పాలిన్ కట్టిన తాడు. గాలికి టార్పాలిన్ దబదబా కొట్టుకుంటోంది. ఆ తాడుకు వరసగా ఐదు పట్టీలు. బట్టలకు క్లిప్పులు పెట్టినట్టు.

ఆ పోస్టుకు పెద్దగా ఉన్నవాడు పరుగున వచ్చాడు. తలపాగాలా చుట్టుకున్న మఫ్లరు, నెరిసిన గడ్డం. నా కంపెనీ టోపీ చూసి గతుక్కుమన్నాడు.

"అవి... ఉతికి ఆరేశాం సార్."

"సార్ అనకు. లైన్‌మన్‌ని నేను. పదిహేడేళ్లు."

అతని మొహం మారింది. "ఆ ముక్క ముందు చెప్పొద్దూ అన్నా! గుండె జారిపోయింది. రా, టీ తాగుదువు గానీ."

మగ్గులో టీ ఇచ్చాడు. గుడిసెలో ఇద్దరు నిద్రపోతున్నారు, బూట్లతోనే.

"ఎందుకు తీసేశారు?" అన్నాను.

"మొదటి రోజు చిట్టా వచ్చింది కదా. మావాడొకడికి నలభై నిమిషాలు పడింది. వాడికి జ్వరం అన్నా, కళ్లు మూతలు పడ్డాయి. వారం రోజుల సెలవు కోసేశారు. వాడి చెల్లెలి పెళ్లికి పెట్టుకున్న సెలవు. అంతే, తాడుకి కట్టేశాం."

"గాలి ఆగిపోతే?"

"ఒకడు పోయి తాడు ఊపుతాడు. దానికి డ్యూటీ వేశాను, రెండేసి గంటలు." అతను నవ్వాడు. "ముందు కుక్కకి కడదామనుకున్నాం. అది మాకంటే ఎక్కువ పడుకుంటుంది."

నాకూ నవ్వొచ్చింది. ఎన్నేళ్లయిందో అలా నవ్వి. నవ్వుతుంటేనే, ఇసుక బస్తాల అవతల కాపలావాడు కూర్చునే చోటు కనిపించింది. స్తంభం, దాని పక్కన ఒక చెక్క పెట్టె.

"ఇది చిట్టా కోసం పుట్టిన వస్తువు కాదయ్యా," అన్నాను. "చలికి మనిషి పోతుంటే కింద తెలియడానికి."

"ఆ చిట్టా ఒక్కటి తీసేయించు. ఇప్పుడే, నీ ఎదురుగానే ఐదుగురం కట్టుకుంటాం."

తీసేయడం నా చేతిలో లేదు. అతనికీ అది తెలుసు. టీ అయ్యాక తీగ బిగించాను. దిగబోతుంటే పక్కకి పిలిచాడు.

"కింద చెప్తావా అన్నా? నాకు పెన్షన్‌కి ఇంకా ఎనిమిది నెలలే. ఇది బయటపడితే పెన్షన్ పోతుంది. ముగ్గురు ఆడపిల్లలు."

జేబులోంచి ట్రయల్ ఫారం తీశాను. పైకి వెళ్లినవాడు నింపాల్సిన కాగితం అది. 'పట్టీలు ధరించి ఉన్నారు' అన్నదానికెదురుగా 'సరే' అని రాసి సంతకం పెట్టాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు. నేను విడిపించుకుని దిగిపోయాను.

కంపాసుకు చాటుగా చెప్పొచ్చుగా అని అడిగేవాళ్లుంటారు. ఆఫీసరుకు ఒక సంగతి తెలిసిందంటే అది ఆయన దగ్గర ఆగదు. ఆయన పైకి చెప్పి తీరాలి, లేకపోతే ఆయనకే ముప్పు. ఇంకో సంగతి కూడా రాయాలి. గీతలు బాగానే వస్తున్నాయి కదా, బోర్డు పాసు చేసేస్తుందేమో, స్థలం దక్కుతుందేమో అని కూడా అనుకున్నాను.

బోర్డులో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో పెద్దాయన కాగితాలు తిప్పి తిప్పి చూశాడు.

"కెప్టెన్, మీ యంత్రం ప్రకారం ఈ పోస్టులో రెండో రోజు నుంచి ఒక్కడంటే ఒక్కడు ఒక్క నిమిషం నిద్రపోలేదు. డ్యూటీ దిగాక కూడా. పదిహేను రోజులు."

పక్కాయన అన్నాడు, "వీళ్లను ఈ కొండ మీద ఎందుకుంచాం సార్? గుళ్లో పెట్టి కొలవాలి."

ముగ్గురూ నవ్వారు. కంపాసు చెవులు ఎర్రబడ్డాయి. పది నిమిషాలు విరామం అడిగి నన్ను వరండాలోకి తీసుకెళ్లాడు.

"పట్టీలు చేతులకు లేవు. అవునా?"

నేను నేల చూశాను.

"ఒరేయ్, విను," అన్నాడు. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఒరేయ్ అనలేదు నన్ను. "తప్పు మనుషులదని తేలితే మళ్లీ ట్రయల్ ఇస్తారు. ట్రయల్ ఉందని కాగితం చూపిస్తే బ్యాంకు ఆర్నెల్లు ఆగుతుంది. ఈసారి బిళ్ల పెట్టిద్దాం, ఒట్టు. తప్పు యంత్రానిదని తేలితే కంపెనీ ఇవాళే అయిపోయింది. నీ స్థలమూ అయిపోయింది. నువ్వు చూసింది చూసినట్టు చెప్పు, చాలు."

లోపలికి వెళ్లేసరికి బోర్డు పిలిపించిన పోస్టు పెద్ద అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, మెడ మీద తెగిన గీత.

"పట్టీలు చేతులకే ఉన్నాయా?" పెద్దాయన అడిగాడు.

"ఉన్నాయి సార్."

"పదకొండో రోజు పైకి వెళ్లిన కంపెనీ మనిషి ఎవరు?"

లేచాను. కూర్చోమన్నాడు. కూర్చోలేకపోయాను, అలవాటు.

"మీరు చూసినప్పుడు పట్టీలు ఎక్కడున్నాయి?"

కంపాసు నన్నే చూస్తున్నాడు. పోస్టు పెద్ద ఎదురుగోడను చూస్తున్నాడు. బడి మానేసినవాణ్ణే గానీ నాకు లెక్క రాదనుకోకండి. నా భార్య సుద్దతో గీసిన మెట్లు కళ్ల ముందు ఉన్నాయి. తాడు మీద, అంటే చాలు. రెండు మాటలు. ఆ రెండు మాటలకు అవతల ఒక మనిషి పెన్షన్, ఐదుగురి మీద మచ్చ. అదంతా సరేగానీ, అది కూడా కాదు అసలు. ఎక్స్ఛేంజిలో మోగని గంటకు 'సరే' రాసిన నేను, చలిలో కూర్చునే ఇంకొకడి మీద నేరం మోపి బయటపడాలా? నా వల్ల కాలేదు.

"చేతులకే ఉన్నాయి సార్. ఫారంలో రాశాను."

"అయితే లోపం యంత్రానిది," అన్నాడు పెద్దాయన, ఫైలు మూస్తూ. "మీరు వెళ్లొచ్చు."

వరండాలో కంపాసు ఒక్కడే నిలబడి ఉన్నాడు. దిక్సూచి చేతిలో పట్టుకుని ఉన్నాడు, చూడటం లేదు.

"నీకు తెలుసు," అన్నాడు.

"మీకూ తెలుసు సార్. మేకుకు ఎవడు కడతాడని అడిగారు చూడండి, అప్పుడే తెలిసుండాలి. ఇరవై ఆరేళ్లు చేశారు సర్వీసు."

"ఇరవై ఆరేళ్లు చేశాను. ఒక్కడు, ఒక్కసారి, నాకు నిజం చెప్పలేదయ్యా. 'సరే సార్' అన్నారు. అందరూ."

అయినా తప్పు ఆయనదే అంటాను. బిళ్ల తియ్యమన్నది ఆయనే. ఆయన ఇప్పుడు ఒక పెద్ద కంపెనీలో సలహాదారు. అద్దాల గది, కారు. నాకు రెండుసార్లు ఫోను చేశాడు, నేను ఎత్తలేదు. మూడోసారి చెయ్యలేదు.

పోస్టు పెద్దను ఆ రోజే గేటు దగ్గర చూశాను. నన్ను చూసి తల తిప్పుకుని గబగబా వెళ్లిపోయాడు. తప్పులేదు. గుట్టు తెలిసినవాడు ఎదురైతే ఎవడికైనా భయమే. అతనికి పెన్షన్ వచ్చిందని తర్వాత ఎవరో చెప్పారు.

బ్యాటరీ తన సోల్డరింగు పెట్టె తీసుకుని కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు షెడ్డులో కాసేపు కూర్చున్నాడు. "నేనైనా అదే చెప్పేవాణ్ణి తమ్ముడూ," అన్నాడు. "కానీ పోయేది నా స్థలం కాదు కదా, తేలిగ్గా చెప్పేవాణ్ణి."

ఇంట్లో సంగతి అలా కాదు. నా భార్య అరవలేదు. బావమరిది అరిచాడు. వాడు లారీ ఆఫీసులో గుమాస్తా, ప్రతిదానికీ రసీదు అడిగే రకం.

"బావా, పదిహేడేళ్లు తూటా తగలకుండా వచ్చావు. చివరికి సంతకం తగిలి పడ్డావు. అసలు ఎవరి కోసం చెప్పావు ఆ అబద్ధం? నీ మేనమామా, వాడు? వాడి పేరైనా తెలుసా నీకు?"

"తెలీదు."

"విన్నావా అక్కా? పేరు కూడా తెలీదంట!"

తమ్ముణ్ణి పంపేసి వచ్చి నా భార్య నా ఎదురుగా కూర్చుంది. "నాతో చెప్పండి. కారణం ఏదో ఉంటుంది, మీరు ఊరికే చెయ్యరు. ఒక్క ముక్క చెప్పండి, నేను ఏమీ అనను."

చెప్పాలంటే పొట్టోడి దగ్గర్నుంచి చెప్పాలి. ఆ నాలుగు గంటలూ చెప్పాలి. పెళ్లయిన కొత్తలో పొట్టోడి ఉత్తరాలు చదివి నవ్వింది ఆవిడ, అతను పోయాడని తెలిసి ఏడ్చింది. నోరు తెరిచాను. "మంచినీళ్లు ఇవ్వు," అన్నాను.

నీళ్లు ఇచ్చింది. ఆ నెలాఖరుకు పిల్లాణ్ణి తీసుకుని వాళ్లక్క దగ్గరికి వెళ్లింది. కోపంతో వెళ్లలేదు. కోపంతో వెళ్లినవాళ్లు తిరిగొస్తారు. సర్దుకుని, గ్యాసు కట్టేసి, ఏ డబ్బాలో ఏముందో చెప్పి మరీ వెళ్లింది. ఆదివారాలు ఫోను చేస్తుంది. బాగున్నారా అంటుంది. బాగున్నానంటాను. తర్వాత ఇద్దరం ఫోను పట్టుకుని ఊరుకుంటాం. అవతల కుక్కరు కూతలు వినపడతాయి. ఎవరు ముందు పెట్టెయ్యాలో తెలియక కాసేపు అలా గడుస్తుంది.

ఇప్పుడు ఒక పంపుల షాపులో కూలికి వైండింగు చేస్తున్నాను. నాతో పనిచేసేవాళ్లు భోజనాల దగ్గర పిలుస్తారు, నేను తర్వాత తింటానంటాను. పిలవడం తగ్గించారు.

బ్యాంకు అప్పు కింద అమ్మేసిన స్థలం రాసివ్వడానికి రిజిస్ట్రారు ఆఫీసుకు ఒక్కణ్ణే వెళ్లాను. సాక్షి సంతకానికి బావమరిదిని అడిగితే లారీ లోడింగు ఉందన్నాడు. బయట కూర్చునే దస్తావేజుల గుమాస్తానే సాక్షిగా పెట్టారు. కొన్నవాడు పెద్దమనిషి, నా మొహం చూడకుండా కాగితాలే చూశాడు. లోపల గుమాస్తా హద్దులు పైకి చదువుతూ, ప్రతిదానికీ ఆగి, "సరేనా?" అని అడిగాడు. నేను తల ఊపాను. "తల ఊపితే కాదండీ, నోటితో చెప్పాలి," అన్నాడు. చెప్పాను.

తూర్పు పడమరలు నలభై ఒక్క అడుగులు, ఉత్తర దక్షిణాలు ముప్పై ఎనిమిది. అందులో ఒక రేకుల షెడ్డు, ఒక బోరు. మొత్తం నూట డెబ్భై మూడు గజాలు.